బావి నిండేదాకా

నేను రెండు రకాల పుస్తకాలు రాస్తాను. ఒక రకం అమ్ముడుపోతుంది, ఇంకో రకం మా మంచం కింద ఉంటుంది. అమ్ముడుపోయేవి దేవుళ్ళవి. వ్రతకథలు, క్షేత్ర మహిమలు, శ్రీశైలంలో రుద్రాక్షల అంగళ్ళ ముందర తాడుకు వేలాడదీసే సన్నటి పుస్తకాలు. మంచం కిందవి పిల్లల కథలు. పనమ్మాయి ఊడ్చేటప్పుడు వాటిని చీపురుతో ఇంకాస్త లోపలికి తోస్తుంటే నాకు ఒళ్ళు మండుతుంది. కానీ ఏమంటాను? కొనేవాళ్ళు లేని పుస్తకానికి మర్యాద ఎవరిస్తారు?

ఉండేది కర్నూలులో, పుట్టింది బద్వేలులో. భయపడడం నాకు పుట్టుకతోనే వచ్చింది, తల నెరిసినా పోలేదు. గ్యాసు ఆపానో లేదో అని వీధి చివరి నుంచి వెనక్కి వస్తాను. ఫోను మోగితే ఎవరికో ఏదో అయ్యిందని ముందే అనుకుని, ఆ తర్వాత ఎత్తుతాను. "నువ్వు భయపడకుండా ఉండే రోజొకటి వస్తే, ఆ పొద్దు నిన్ను డాక్టరు దగ్గరికి తీస్కపోవల్ల" అని మా ఆయన వేళాకోళం చేస్తాడు. ఆయన నవ్వినా నవ్వకపోయినా, నేను భయపడ్డ వాటిలో కొన్ని నిజమయ్యాయి. ఇప్పుడు చెప్పబోయేది మాత్రం భయపడాలని కూడా నాకు తోచని సంగతి.

మా వైపు ప్రతి ఊరికీ ఒక అమ్మవారు ఉంటుంది గాని, ఆమె కథ పుస్తకంలో ఉండదు. ముసలివాళ్ళ నోళ్ళలో ముక్కలు ముక్కలుగా ఉంటుంది. గుడికి కొత్త రంగులేసి, మైకు పెట్టి, జాతర పెద్దగా చేయడం మొదలుపెట్టాక ఊరివాళ్ళకు పుస్తకం కావాలనిపిస్తుంది. అప్పుడు నన్ను వెతుక్కుంటూ వస్తారు. నేను వెళ్ళి అరుగుల మీద కూర్చుంటాను. అమ్మ పుట్టలో దొరికిందని ఒకరంటారు, కాదు వాగులో కొట్టుకొచ్చిందని ఇంకొకరంటారు, ఇద్దరికీ మాటా మాటా పెరుగుతుంది. ఎవరూ నొచ్చుకోకుండా పుట్టనూ వాగునూ ఒకే కథలో కలిపేస్తాను. మధ్యలో మిగిలిన ఖాళీలను నేనే పూడుస్తాను. ఈ పని చేసేవాళ్ళందరూ చేసేది అదే. చేసి, మొదటి పేజీలో అందరం ఒకే ముక్క రాస్తాం: ఇందులో నా మాట ఒక్కటీ లేదు, అన్నీ అమ్మ పలికించినవే. అది మా పనిలో నమస్కారం పెట్టడం లాంటిది. రాయకపోతే ఈమెకు పొగరు అంటారు.

కోయిలకుంట్ల దగ్గర ఒక ఊరి అమ్మవారికి అలాగే చరిత్ర రాసిచ్చాను. ఆ గుడి వెనక రాతి మెట్ల బావి ఉంది. చాలా కాలంగా ఎండిపోయి, అడుగున కంపచెట్లు మొలిచాయి. ఆ బావి చూసి ఇంటికొచ్చాక నాకొక పిల్లల కథ తోచింది. కరువు ఊళ్ళో ఒక చిన్న పిల్ల. అమ్మవారి బావి ఎండిపోయిందని ఆ పిల్లకు దిగులు. అమ్మకు లేని నీళ్ళు నాకెందుకని, బావి నిండేదాకా ఆకాశంలో పొద్దు ఉన్నంతసేపూ చుక్క నీళ్ళు ముట్టనని మొక్కుకుంటుంది. ఒక మధ్యాహ్నం ఎవరో ముసలామె చల్లటి నీళ్ళ చెంబు తెచ్చి, తాగు తల్లీ అని బతిమాలుతుంది. పిల్ల తాగదు. ఆ ముసలామె అమ్మవారే, పరీక్ష పెట్టడానికి వచ్చింది. రోజులు గడిచాయి. వాన కురిసింది. బావి నిండింది.

రాస్తూ ఏడ్చాను. నా కథల్లో నాకు అంతగా నచ్చింది ఇంకొకటి లేదు. రోజులు గడిచాయి అని రాసిన చోట మాత్రం పెన్ను ఆగలేదు. ఎండలో ఆ పిల్లకు ఆ రోజులు ఎలా గడిచాయో కథకు అవసరం లేదు కదా.

రెండు పుస్తకాలూ కడపలో ఒకే ప్రెస్సులో అచ్చయ్యాయి. చరిత్ర అచ్చయిన కొన్నాళ్ళకు ప్రెస్సాయన ఫోను చేశాడు.

"అమ్మా, మీ అమ్మవారి పుస్తకం అట్టలు శానా మిగిలిపోయినాయి. అమ్మ ముఖముండే కాగితం చించేదానికి చేతులు రావు. పొట్లాలకిస్తే పాపం. మీ పిల్లల కథకు ఆ అట్టే ఏసి, కింద పేరు మార్చి కొడ్తాను. ఏమంటారు?"

ఏమంటాను, సరేనన్నాను. పసుపు రంగు అట్ట, మధ్యలో నిమ్మకాయల దండతో అమ్మవారు. దేవుడి బొమ్మ ఉన్న పుస్తకాన్ని ఎవరూ మంచం కిందికి తోయరు కదా అని లోలోపల సంబరపడ్డాను కూడా. ఆ ఏడు జాతరలో గుడి కమిటీవాళ్ళు రెండు పుస్తకాలనూ కలిపి ప్రసాదంతో పాటు ఇంటింటికీ ఇచ్చారు. ఇంటింటా అవి నేరుగా దేవుడి గూట్లోకి పోయాయి. వాటికి కుంకుమ పెట్టారు. కాళ్ళు కడుక్కుని గాని ముట్టుకోలేదు. ఏది చరిత్ర, ఏది పిల్లల కథ అని అడగాల్సిన అవసరం ఆ ఊళ్ళో ఎవరికీ రాలేదు. ఇదంతా నాకు తర్వాత తెలిసింది.

మొన్న జూన్‌లో ఒకరోజు పొద్దున ఫోను మోగింది. కొత్త నంబరు. ఎప్పటిలాగే ఎవరికో ఏదో అయ్యిందనుకునే ఎత్తాను.

"అమ్మవారి పుస్తకాలు రాసేది మీరేనామ్మా? అట్ట ఎనక నంబరు చూసి చేస్తాండా."

"నేనే. ఎవరమ్మా?"

"మాది అమ్మవారి ఊరే. మా పాప ఆరో తరగతి. మీ పుస్తకంలో మొక్కు పట్టుకోని పగలు నీళ్ళు తాగడం లేదమ్మా. బడికాడ కండ్లు తిరిగి పడిపాయ. ఒంటికి పోతే మంట అని ఏడుస్తాది. ఇట్లే ఉంటే కిడ్నీలు చెడిపోతాయని ఆర్‌ఎంపీ డాక్టరు అంటాండాడు. నేను చెప్తే ఇనదు. మా అత్త చెప్పనీదు. మీరొచ్చి చెప్పల్ల. రాసినోళ్ళ మాటైనా ఇంటాదేమో."

నేను రాసిన చరిత్రలో మొక్కులే లేవే, ఈమె ఏ పుస్తకం గురించి చెబుతోందా అని కాసేపు తికమకపడ్డాను. అది నా పిల్లల కథలోని మొక్కని అప్పుడు తెలిసింది. ఆమెకు ఏం జవాబు చెప్పానో గుర్తులేదు. వస్తున్నానని చెప్పే ఉంటాను.

మా ఆయన తాపీగా కాఫీ తాగుతూ, "చిన్నబిడ్డ. దప్పికైతే తాగదా ఏమి? ఊరికే ఆయాసపడాకు" అన్నాడు. నా కథల్లో పిల్లలు ఎలాంటివాళ్ళో ఆయనకు తెలియదు. ఆయన ఒక్కటీ చదవలేదు. చెప్పులు వేసుకుని బయటపడ్డాను.

బనగానపల్లె మీదుగా బస్సు. ముంగారు వానలు మొహం చాటేశాయి. దారి పొడుగునా నల్లరేగడి దున్ని పెట్టి ఉంది, విత్తనం వేయడానికి పదును లేదు. కిటికీలోంచి గాలి వస్తుంటే ముఖం కాలుతోంది. నా చేతిసంచిలో నీళ్ళ సీసా ఉంది. గొంతు ఎండుకుపోతున్నా ఆ సీసా మూత తీయాలంటే భయమేసింది. నాకేమైనా పిచ్చా అని నన్ను నేను తిట్టుకున్నాను. నేను మాడితే ఆ పిల్లకు ఒరిగేదేముంది? అయినా తాగలేకపోయాను. ఆ పిల్లకు ఏదైనా అయితే, అన్న మాట దగ్గరికి వచ్చి వచ్చి నా బుర్ర వెనక్కి తిరిగేది. అంతకన్నా ముందుకు ఆలోచించనివ్వలేదు.

ఇంటి ముందర ఆడవాళ్ళ చెప్పులు చూసి నా ప్రాణం సగం పోయింది. ఇలా చెప్పులు ఎప్పుడు కనిపిస్తాయో అందరికీ తెలుసు. లోపలికి అడుగుపెట్టాను. పాప బతికే ఉంది. వసారాలో మంచం మీద ఒరిగి పడుకుని ఉంది. పెదవులు పగిలి పొక్కు కట్టాయి. కళ్ళు లోపలికి పోయాయి. వాళ్ళ నాయనమ్మ, వాళ్ళ మాటలో జేజి, తలాపున కూర్చుని విసురుతోంది. చుట్టుపక్కల ఆడవాళ్ళు ఒక్కొక్కరే వచ్చి పాప కాళ్ళకు పసుపు రాసి, దండం పెట్టుకుని పోతున్నారు. ఆ చిన్న పాదాలు చీలమండల దాకా పచ్చగా ఉన్నాయి. అందరూ కలిసి బతికున్న పిల్లను బొమ్మ చేసేస్తున్నారు.

నేనెవరో పాప తల్లి చెప్పగానే జేజి లేచి వచ్చి నా కాళ్ళకూ దండం పెట్టబోయింది. చేతులు పట్టుకుని ఆపాను.

"అక్కా, ముందు పాపకు నీళ్ళియ్యండి. ఆ మొక్కు నిజం కాదు. అది పిల్లల కోసం నేను అల్లిన కథ."

జేజి నొచ్చుకోలేదు. నా మీద జాలిపడ్డట్టు నవ్వింది. "అల్లేకి నువ్వెవరు తల్లీ? అమ్మ పలికిచ్చింది, నువ్వు రాసినావు. ఇందులో నా మాట ఒక్కటీ లేదని మొదట్లోనే చెప్పినావు గదా. పాప సదివి ఇనిపిచ్చింది."

అది ఈ పుస్తకంలోది కాదు, ఆ పుస్తకంలోది అని చెప్పబోయాను. రెండిటికీ అట్ట ఒకటే, రాసిన చేయి ఒకటే. ఆమెకు ఏం తేడా చూపించను? వసారా చివర పాప తల్లి కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నా వైపే చూస్తోంది. ఆమెకు నేను తప్ప దిక్కు లేదని ఆ చూపు.

నేనే లోపలికి వెళ్ళి కుండలోంచి చెంబుతో నీళ్ళు ముంచుకొచ్చాను. మంచం పట్టె మీద కూర్చుని, "తాగు తల్లీ" అన్నాను.

పాప కళ్ళు మెరిశాయి. పగిలిన పెదవులతో నవ్వింది. "నాకు తెలుసులే అవ్వా. పరీక్ష పెడ్తాండావు."

ముసలామె, మిట్టమధ్యాహ్నం, చల్లటి నీళ్ళ చెంబు. మాట కూడా నేను రాసిందే. చెంబును మంచం మీద పెట్టేశాను.

"పరీక్ష కాదమ్మా. నేను మామూలు మనిషిని. కర్నూలు నుంచి బస్సులో వచ్చాను. ఆ కథ నేను కల్పించాను. అట్లాంటి పిల్ల ఎప్పుడూ లేదు."

పాప నా ముఖంలోకి చూసింది. తెలివైన పిల్ల. "అయితే పెద్ద పుస్తకం, అమ్మ చరిత్ర గూడా నువ్వే కల్పిచ్చినావా?" అని అడిగింది.

విసనకర్ర ఆగింది. ఆడవాళ్ళందరూ నన్నే చూశారు. పుట్టకూ వాగుకూ మధ్య నేను పూడ్చిన ఖాళీలు గుర్తొచ్చాయి. ఆ పుస్తకం చేతికొచ్చిన రోజు ఊరివాళ్ళు మేళతాళాలతో గుడిదాకా నడిపించుకుపోవడం గుర్తొచ్చింది. కొంత కల్పించానని చెప్పడానికి నోరు తెరిచాను, మాట రాలేదు. పాప నా మౌనాన్ని తనకు తోచినట్టు అర్థం చేసుకుంది. చెంబును వేళ్ళతో మెల్లగా నా వైపుకు తోసింది.

ఇక నాకు తోచిన దారి ఒక్కటే. అబద్ధం చెప్పాను. ఎంత బాగా చెప్పానో తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

"సరేలే, నువ్వు పరీక్ష నెగ్గినావు. ఇంక ఉద్యాపన చేయాల్ల. ఉద్యాపన లేకుండా ఏ మొక్కూ చెల్లదు గదా. కథలో ఆఖరి పేజీ ప్రెస్సాయన వదిలేసినాడు. అది చెప్పడానికే నేనొచ్చింది."

జేజి ముందుకు జరిగింది. వ్రతానికి ఉద్యాపన ఉంటుందని ఆమెకు ఒకరు చెప్పాలా? "అట్ల చెప్పు తల్లీ! ముగింపు యాడ పాయనా అని నేనూ అనుకుంటానే ఉండా" అంది.

నోటికొచ్చింది నోటికొచ్చినట్టు చెప్పుకుపోయాను. కొత్త కుండలో నీళ్ళు తేవాలి. ఎండిన బావి మెట్ల మీద అమ్మ పేరు చెప్పి సగం పోయాలి. మిగిలిన సగంలోంచి, పొద్దు ఉండగానే, కన్నతల్లి చేతి మీదుగా తాగాలి. బావి నిండేది అమ్మ పని, బావికి నీళ్ళిచ్చేది మన పని, అంతటితో మొక్కు తీరినట్టు. మాటలు ఒకదాని వెంట ఒకటి ఎంత చక్కగా వచ్చాయో! అలవాటైన చేయి.

పాపను తల్లి ఎత్తుకుని బావిదాకా తెచ్చింది. నీళ్ళు పోసిన రాయి చూస్తుండగానే ఆరిపోయింది. తల్లి దోసిలి పట్టింది. పాప మొదటి గుక్క మింగడానికి అవస్థ పడింది, తర్వాత గటగటా తాగేసింది, దగ్గింది, మళ్ళీ తాగింది. నేను మెట్ల మీద కూలబడి ఏడ్చాను. నాది భక్తి అనుకున్నారు. ఆ సాయంత్రమే కోయిలకుంట్లలో డాక్టరుకు చూపించారు. సెలైన్ ఎక్కించి, మందులిచ్చి, భయం లేదన్నాడని పాప తల్లి ఫోను చేసింది. ఆ రోజు నేను నిజంగానే దేనికీ భయపడకుండా నిద్రపోయాను.

ఆ నిశ్చింత ఎక్కువ కాలం నిలవలేదు. తర్వాతి వారంలో జేజి ఫోను చేసింది. గొంతులో పండగ వినిపిస్తోంది.

"తల్లీ, నువ్వు చెప్పిన ఉద్యాపన ఊరంతా మెచ్చుకున్యారు. ముగింపు లేని మొక్కని ఇన్నాళ్ళూ అందరూ జంకినారు. ఇప్పుడు అన్నీ సక్రమంగా ఉండాయి గదా, వీధిలో ఆడబిడ్డలంతా పట్టుకుంటామంటాండారు. ఒక మండలం పెట్టుకుందామని పెద్దోళ్ళు అనుకున్యారు. రేపు శుక్రారం గుడికాడ మొదలు. కథ సదివేది మా పాపే."

ఒక మండలం అంటే నలభై రోజులు. ఎండ ఇంకా తగ్గలేదు. ఒక పిల్లను తప్పించడానికి ఒక ముగింపు అల్లాను, అది ఇంకా అంతమంది పిల్లలకు తలుపు తీసింది. ఫోను పెట్టేశాక మా ఆయనకు చెప్పాను. ఈసారి ఆయన వేళాకోళం చేయలేదు. "నేనూ వస్తా పద" అన్నాడు.

మేం వెళ్ళేసరికి గుడి మండపంలో పిల్లలు వరసగా కూర్చుని ఉన్నారు. తలంట్లు పోసుకుని, పట్టు పావడాలు కట్టుకుని, ఒక్కొక్కరూ కుడి పిడికిట్లో అక్షింతలు పట్టుకున్నారు. వ్రతకథ అయ్యేదాకా ఆ పిడికిలి తెరవకూడదు. అయ్యాక తల మీద వేసుకుంటే వ్రతం పట్టుకున్నట్టే. ఆ చివర కూర్చున్న పిల్లకు పాలపళ్ళు కూడా ఊడలేదు. మధ్యలో ఆ పాప, ఒక పిడికిట్లో అక్షింతలు, రెండో చేత్తో పసుపు అట్ట పుస్తకం. మైకులో గణగణా చదువుతోంది. రోజులు గడిచాయి, అని చదివింది.

నేను వెళ్ళి మైకు అడిగాను. సంతోషంగా ఇచ్చారు. పూజారి శాలువా ఎక్కడుందని కూడా ఎవరినో అడిగాడు.

"ఈ కథ నేను కల్పించినది. మొక్కు లేదు. ఉద్యాపన కూడా ఆ రోజు పాప నీళ్ళు తాగాలని అక్కడికక్కడ నేను అల్లి చెప్పినదే. ప్రెస్సాయన ఏ పేజీ వదిలేయలేదు. పిల్లలకు నీళ్ళియ్యండి."

పెద్దవాళ్ళలో ఒక్కరి ముఖం కూడా మారలేదు. "ఎంత ఇనయం సూడండప్పా!" అన్నాడు కమిటీ పెద్ద. జేజి రెండు చేతులూ ఎత్తి అమ్మవారికి దండం పెట్టింది. నా మాటలు వాళ్ళ చెవుల్లో దూరేలోపే స్తోత్రంగా మారిపోతున్నాయి. ఇక చెప్పాల్సింది ఒక్కటే మిగిలింది. అది మైకులో చెప్పలేదు. పాప ముందు కింద కూర్చుని చెప్పాను.

"ఆ రోజు నువ్వు పెద్ద పుస్తకం గురించి అడిగినావు. అందులో పుట్ట, వాగు మీ ఊరివాళ్ళు చెప్పినవి. తక్కినదాంట్లో శానా మటుకు నేను కల్పించినదే. అమ్మ నాది కాదు తల్లీ. కథ నాది."

పాప నన్ను చూసింది, పుస్తకాన్ని చూసింది. అట్ట మీద అమ్మవారి ముఖం కిందికి పోకుండా దాన్ని జాగ్రత్తగా పీట మీద పెట్టింది. పిడికిలి తెరిచింది. చెమటకు అరచేతికి అంటుకున్న అక్షింతలను ఒక్కొక్కటే ఒలిచి పళ్ళెంలో వేసింది. అది చూసి పక్కపిల్ల కూడా పిడికిలి తెరిచింది. తర్వాత ఇంకో పిల్ల. ఆడవాళ్ళు అరిచారు, జేజి మందలించింది, ఎవరో పిల్లల చేతులు మళ్ళీ మూయబోయారు. పాప ఎవరి మాటా వినలేదు. లేచి వెళ్ళి, గుడి ముందరి కడవలోంచి గ్లాసుతో ముంచుకొచ్చి, ముందు ఆ పాలపళ్ళ పిల్లకు తాగించింది.

నేను ఆమె తల మీద చేయి వేయబోయాను. పాప వెనక్కి జరిగింది.

"ఆ పొద్దే అడిగితి గదవ్వా," అంది. "ఊరకుంటివి."